'బిగినర్స్' అంటే నమ్మి చేరాను: డబ్లిన్‌లో 10 వారాల టిన్ విజిల్ క్లాసు

ముందు లెక్క చెప్పేస్తాను. 10 వారాలు, 160 యూరోలు, ప్రతి మంగళవారం సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. డబ్లిన్ ఉత్తరం వైపు ఒక చర్చి హాలు మేడ మీద గది. నేర్పేది టిన్ విజిల్ (ఆరు రంధ్రాల చిన్న లోహపు పిల్లనగ్రోవి) మీద ఐరిష్ సంప్రదాయ సంగీతం. ప్రకటనలో 'పెద్దవాళ్లకి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి' అని రాశారు. క్లాసు పేరూ, టీచర్ పేరూ ఇక్కడ రాయను. నాకున్న ఫిర్యాదుల్లో సగం ఆవిడ తప్పులు కావు. మిగతా సగానికి ఆవిడ మంచితనం అడ్డొస్తోంది.

నేను ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని. ఆరేళ్లయింది. మా వార్డులో 91 ఏళ్ల పెద్దాయన ఒకాయన ఉన్నారు. క్లేర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పడమటి వైపు నుంచి వచ్చిన మనిషి. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి, అదే మర్యాద. నాకేమో 91 ఏళ్లాయన్ని పేరు పెట్టి పిలవడానికి ఇప్పటికీ నోరు రాదు. అందుకని మనసులో 'తాతగారు' అనుకుంటాను, బయటికి నవ్వి ఊరుకుంటాను. పొద్దున్నే మొహం కడిగి చొక్కా తొడుగుతుంటే ఆయన నోటితో ఒక పాట సాగదీస్తుంటారు. మాటలుండవు, 'డిడిల్డీ డిడిల్డీ' అని ఊపు మాత్రమే. దాన్ని లిల్టింగ్ అంటారని తర్వాత తెలిసింది. వాయిద్యం లేని ఇళ్లలో డాన్సుకి నోరే వాయిద్యమట. ఒకరోజు గుండీలు పెడుతూ, తెలియకుండానే నేను 'తకిట తకిట, తకిట తకిట' అని కలిపాను. ఆయన ఆపి, నా వంక చూసి, "ఇది నీకెక్కడిది?" అన్నారు. చిన్నప్పుడు మూడేళ్లు గాత్రం నేర్చుకుని, రెండో గీతం దగ్గర మానేసినదాన్ని. ఆ మూడేళ్లలో మిగిలిన ముక్క అది. ఆ వారమే క్లాసుకి డబ్బు కట్టాను.

విజిల్ కొనడం గురించి రెండు మాటలు, ఎందుకంటే నేను మొదట తప్పు చేశాను. టూరిస్టుల దుకాణంలో ఆకుపచ్చ రంగేసి, మూడాకుల బొమ్మ వేసినది తీసుకున్నాను. దానికి కింది స్వరం పలకదు, పైది ఈల వేస్తుంది. అది బొమ్మ. వాయిద్యాల షాపుకి వెళ్లి 'డి విజిల్' అని అడగండి. పక్కనే సీ విజిల్ కూడా ఉంటుంది, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. సీ కొన్నారంటే క్లాసంతా ఒక శ్రుతిలో, మీరొక శ్రుతిలో. ఇత్తడిదో నికెల్‌దో గొట్టం, ప్లాస్టిక్ మూతి, పది పదిహేను యూరోల్లో వస్తుంది. జనరేషన్, ఫెడోగ్, క్లార్క్ అని మా క్లాసులో మూడు రకాలు కనిపించాయి. క్లార్క్‌ది వేరే తరహా. రేకుని చుట్టి, మూతిలో చెక్కముక్క పెట్టి చేస్తారు, 1843 నుంచీ ఆ పద్ధతే. గాలి ఎక్కువ తింటుంది, గొంతులో కొంచెం గరుకు. నాకు ఆ గరుకే నచ్చింది, కానీ ఊపిరి చాలక ఇత్తడి దానికి మారాను. ఇంకొక చిట్కా టీచర్ చెప్పింది: కాసేపు వాయించాక నోటి తేమ మూతిలో చేరి స్వరం మూసుకుపోతుంటే, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి లోపల పోసి ఆరబెట్టాలి. నేను నమ్మలేదు. పనిచేసింది.

ఇక అసలు ఫిర్యాదు. మొదటి రోజు గదిలో 16 మందిమి. ప్రకటనలో 10 మందికి మించదన్నారు, పోనీలే అనుకున్నాను. "ఇంతకు ముందు విజిల్ పట్టుకున్నవాళ్లు చేతులెత్తండి" అంది టీచర్. 13 చేతులు లేచాయి. "అబ్బే, అది చిన్నప్పుడు స్కూల్లో, లెక్కలోకి రాదు" అని 13 మందీ నవ్వేశారు. ఇక్కడ ప్రైమరీ స్కూల్లో పిల్లల చేతికి మామూలుగా ముందు ఇచ్చేది ఈ విజిలే. మన దగ్గర ఎక్కాలు వచ్చినట్టు వీళ్లకి వేళ్లు వస్తాయి. ముప్పై ఏళ్లు ముట్టుకోకపోయినా వేళ్లు మర్చిపోవు. నిజంగా ఏమీ రానివాళ్లం ముగ్గురమే: నేనూ, ఒక బ్రెజిల్ కుర్రాడూ, జర్మనీ నుంచి వచ్చిన ఒకావిడా. కాబట్టి ఐర్లండ్‌లో 'బిగినర్' అన్న మాటకి అర్థం వేరు. బయటినుంచి వచ్చి చేరేవాళ్లు ఇది తెలుసుకుని చేరాలి, నిర్వాహకులు అది ముందే రాయాలి.

రెండో వారం, మూడో వారం నరకం. ఆరు రంధ్రాలూ పూర్తిగా మూసి మెల్లిగా ఊదితేనే కింది డి పలుకుతుంది. నా ఉంగరపు వేలు ఎక్కడో వెంట్రుకంత ఖాళీ వదిలేది, గదిలో పిల్లి అరుపు వచ్చేది. నాదే. 16 మందిలోనూ అది ఎవరిదో అందరికీ తెలిసేది. పై స్థాయికి వేరే వేళ్లు లేవు, అవే వేళ్లతో గట్టిగా ఊదాలి. గట్టిగా అంటే ఎంత గట్టిగా అని అడిగితే, "చెవి చెబుతుంది" అంది. నాకు ఒళ్లు మండింది.

కానీ నాలుగో వారానికి పరిస్థితి తిరగబడింది. ఈ క్లాసుకి డబ్బు పెట్టొచ్చు అని నేను చెప్పడానికి కారణం కూడా అదే.

ఆవిడ కాగితం ఇవ్వదు. రెండు కొలతల (కొలత అంటే మన ఆవర్తనం లాంటిది) ముక్క వాయిస్తుంది, మేం తిరిగి వాయించాలి. మళ్లీ వాయిస్తుంది, మళ్లీ మేం. తర్వాత ఇంకో రెండు, ఆ తర్వాత రెండూ కలిపి. మొదటి రోజు నేను అలవాటుగా నోట్‌బుక్ తీస్తే, వచ్చి మూసేసింది. కోపంగా కాదు, పుస్తకం మీద చెయ్యి పెట్టి అంతే. జర్మనీ ఆవిడ నోటేషన్ కావాలని రెండు వారాలు వాదించింది. టీచర్ ఒక కథ చెప్పి తప్పించుకుంది. ఐరిష్ సంగీతానికి పెద్ద బైబిల్ లాంటి పుస్తకం 1903లో షికాగోలో వచ్చింది, 1850 ట్యూన్లు. దాన్ని తెచ్చినాయన ఫ్రాన్సిస్ ఓ'నీల్, కార్క్ నుంచి వలస వెళ్లి షికాగో పోలీసు చీఫ్ అయినవాడు. ఆయనకి స్వరాలు రాయడం రాదు. ట్యూన్లన్నీ బుర్రలో పెట్టుకుని వాయిస్తుంటే, జేమ్స్ ఓ'నీల్ అని అదే పోలీసు శాఖలోని ఇంకొకాయన కూర్చుని రాశాడు. "పుస్తకం చేసినవాడే పుస్తకం చూసి నేర్చుకోలేదు" అని ముగించింది. జర్మనీ ఆవిడకి ఆ జవాబు నచ్చలేదు. అయిదో వారందాకా మొహం ముడుచుకునే ఉంది.

ఈ పద్ధతిలో స్కూల్లో నేర్చుకున్న 13 మందికి చిక్కొచ్చింది. వాళ్ల వేళ్లు పరిగెడతాయి, చెవి వెనకబడుతుంది. విన్నది కాకుండా, చిన్నప్పటి ట్యూన్‌లోని ముక్క వేళ్లలోంచి వచ్చేస్తుంది. నాకు సరిగ్గా ఎదురు. ఆవిడ ఒకసారి వాయించగానే నాకు స్వరాలు తెలిసిపోయేవి, వేళ్లే ఆలస్యం. మా అమ్మ కొట్టి కూర్చోబెట్టిన జంట స్వరాలు ఇన్నేళ్లకి ఐర్లండ్‌లో అక్కరకొచ్చాయి. డి నుంచి డి దాకా స్కేలు మన శంకరాభరణం మెట్లే. పై నిషాదం ఒక మెట్టు దించి, అంటే సీ నేచురల్‌తో వాయిస్తే హరికాంభోజి. ఈ నుంచి మొదలై, ఈ మీద వాలే ట్యూన్లలో చాలావాటికి ఖరహరప్రియ మెట్లు. మెట్లే సుమా, రాగాలు కావు. ఆ తేడా నాకు ఎలా తెలిసిందంటే, ఆరో వారం సంబరం ఆపుకోలేక ఒక గాంధారాన్ని కాస్త ఊపాను. టీచర్ ఆపి, "అది చాలా బావుంది, కానీ ఇక్కడ వద్దు" అంది.

ఇక్కడి అలంకారం వేరు. ఒకదాన్ని 'కట్' అంటారు. పట్టుకున్న స్వరం మధ్యలో పై వేలు ఒక్కటి రెప్పపాటు లేపి మూసేయాలి. ఏ స్వరం పలికిందో వినిపించకూడదు, స్వరం తెగినట్టు మాత్రమే వినపడాలి. కింది వేలితో రంధ్రాన్ని టక్కున కొట్టి తీస్తే అది 'ట్యాప్'. రెండూ కలిపి ఒకే స్వరాన్ని మూడు ముక్కలు చేస్తే 'రోల్'. మన గమకం స్వరాన్ని సాగదీస్తుంది, ఇది తెంపుతుంది. నాకు ఇది అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది, వేలికి ఇంకా అర్థం కాలేదు. రోల్ ఎందుకు పుట్టిందో కూడా చెప్పింది: ఐరిష్ తిత్తి వాయిద్యం ఇల్లియన్ పైప్స్‌లో గాలి మోచేతి కిందినుంచి ఆగకుండా వస్తుంది, నాలుకతో స్వరం ఆపే వీలు లేదు, ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే వేలితో తెంపాల్సిందే. విజిల్‌కి నాలుక ఉన్నా, వాయించే తీరు మాత్రం పైపుల నుంచే తెచ్చుకుంది. ఆ పైపుల విద్యని యునెస్కో 2017లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అవి నేర్పే సంఘం హెన్రియెట్టా స్ట్రీట్‌లో ఉంది, ఒకసారి చూసొచ్చాను. ఆ వాయిద్యం నా జీతానికి అందేది కాదు.

ఊపిరి సంగతి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతున్నాను. ఈ ట్యూన్లలో విరామం ఉండదు. ఎనిమిది కొలతల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది కొలతల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32. అయిపోగానే మళ్లీ మొదటికి. ఎక్కడా ఊపిరి పీల్చే సందు రాయలేదు. కాబట్టి ఒక స్వరాన్ని వదిలేయాలి, దాని చోట గాలి పీల్చాలి. ఏది వదలాలి అన్నదే చాతుర్యం. మొదట్లో నేను ఊపిరి అయిపోయిన చోట వదిలేదాన్ని. ఒకే చోట ప్రతిసారీ వదిలితే వినేవాడికి గుంట కనిపిస్తుందనీ, చోటు మారుస్తూ ఉండాలనీ టీచర్ సరిచేసింది. ఈ ఒక్క పాఠానికే 30 యూరోలు ఇవ్వొచ్చు.

మిగతా 130లో కొంత వెనక్కి రావాలి. కింద హాల్లో అదే సమయానికి పిల్లల కరాటే. 'హా' అని నలభై గొంతులు ఒక్కసారి లేస్తే మా నేల అదిరేది. ఎవరి తాళం వాళ్లది. ఒక మంగళవారం క్లాసు రద్దయింది, బదులు క్లాసు పెట్టలేదు. అడిగితే వచ్చే టర్ములో 16 యూరోలు తగ్గిస్తాం అన్నారు. అంటే వచ్చే టర్ములో చేరితేనే. క్లాసులో వాయించిన ట్యూన్ రికార్డింగ్ మర్నాడే ఈమెయిల్‌లో పంపుతామన్నారు. మొదట మర్నాడే వచ్చేది, తర్వాత శుక్రవారం, తర్వాత ఆదివారం, రెండు వారాలవి రానేలేదు. కాగితం లేని క్లాసులో రికార్డింగ్ కూడా రాకపోతే వారం రోజులు ఏం పట్టుకుని సాధన చేయాలి? మూడో వారం నుంచి నేనే ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేసుకున్నాను. మీరు మొదటి రోజునుంచే చేసుకోండి. ఆవిడ ఏమీ అనదు.

ఎనిమిదో వారం గదిలో క్లాసు పెట్టకుండా, దగ్గర్లోని ఒక పబ్ వెనక గదిలో స్లో సెషన్‌కి తీసుకెళ్లింది. నేర్చుకునేవాళ్ల కోసం నెమ్మదిగా వాయించే కూడిక అది. వెళ్లే ముందు మెట్ల మీద నిలబెట్టి చెప్పిన జాగ్రత్తలు నాకు చాలా నచ్చాయి. కూర్చునే ముందు అడగండి, ఖాళీ కుర్చీ ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది. రాని ట్యూన్‌లో వెతుక్కుంటూ వాయించకండి, వినండి. ఒక ట్యూన్ మూడుసార్లు తిరిగి, చెప్పకుండా ఇంకో దాంట్లోకి దూకుతుంది, తల ఎత్తి చూస్తూ ఉండండి. బోరన్, అంటే ఆ పుల్లతో కొట్టే డప్పు, ఒకటి ఉంటే రెండోది సంచీలోనే ఉంచండి. చప్పట్ల కోసం చూడకండి, అది కచేరీ కాదు. నేను సెవెనప్ తెచ్చుకుని మూల కూర్చున్నాను. రెండు గంటల్లో నాకు వచ్చిన ట్యూన్ ఒక్కటే వచ్చింది, దాంట్లోనూ రెండో భాగంలో ఆగిపోయాను. పక్కనే ఫిడేలు వాయిస్తున్న ఒకాయన వాయిస్తూనే నా వైపు వంగి, నేను పట్టుకునేలా కాస్త గట్టిగా వాయించారు. మాట మాట్లాడలేదు. అంత మర్యాద నేను ఈ దేశంలో ఆఫీసుల్లో చూడలేదు.

వినడం కోసమైతే స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే పబ్‌కి వెళ్లండి. దాని పైన హోటల్ కడతామన్నప్పుడు 2021లో వాయిద్యాలు పట్టుకుని జనం వీధుల్లోకొచ్చారు, నగర కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. వాయించే ధైర్యం నాకు అక్కడ ఇంకా లేదు. పైసా ఖర్చు లేకుండా వినాలంటే మెరియన్ స్క్వేర్‌లో 73వ నంబరు ఇల్లు, ఐరిష్ సంప్రదాయ సంగీత ఆర్కైవ్. 1987లో మొదలైంది. సెలవు రోజు ఒక మధ్యాహ్నమంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఈ క్లాసు చేసేవాళ్లు ఎవరైనా టర్ము మధ్యలో ఒకసారి అక్కడికి వెళ్లాలి. నా సమస్య ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆ సమస్య పేరు స్లైగో. మా టీచర్ స్లైగో కౌంటీ ఆవిడ. అక్కడి ఫిడేలు వాద్యకారుడు మైకల్ కోల్‌మన్ న్యూయార్క్ వెళ్లి 1920లలో, 30లలో ఇచ్చిన రికార్డులు తిరిగి ఐర్లండ్‌కి వచ్చి, వాయించే తీరునే మార్చేశాయి. వేగం, మెరుపు, నిండా అలంకారాలు. ఆవిడ చేతిలో అదే ఉంది. నేనేమో అది ఐరిష్ సంగీతం మొత్తం అనుకుని, ఇంటికి తెచ్చి, పొద్దున్నే ఒక క్లేర్ పెద్దాయనకి వినిపిస్తున్నాను.

మొదట నేర్పింది ఒక పోల్కా. రెండు దెబ్బల తాళంలో నడిచే డాన్సు ట్యూన్, కొత్తవాళ్లకి సులువు. నాలుగో వారం, నా బ్రేక్ టైములో, తాతగారి గది తలుపు వేసి వాయించాను. అంతా విని, "బాగానే ఉంది. అది కెర్రీ వాళ్ల సరుకు" అన్నారు. మన కృతిని పక్క జిల్లా వాళ్లదని తోసేసినట్టు. క్లేర్‌లో సెట్ డాన్సంటే (జంటలు గుంపుగా ఆడేది) ఎక్కువగా రీల్సేనట, అంటే నాలుగు దెబ్బల తాళంలో వేగంగా నడిచే ట్యూన్లు. ఆయన ఏ వాయిద్యం వాయించలేదు, వాళ్లమ్మ కాన్సర్టీనా (చేతుల్లో పట్టుకుని వాయించే చిన్న హార్మోనియం లాంటిది) వాయించేదట, ఈయన పని వంటింటి రాతి నేల మీద డాన్సు. 1935లో డాన్సు హాళ్లకి లైసెన్సు చట్టం వచ్చాక ఇళ్లలో డాన్సుల మీద కూడా ఫాదర్ గారికీ పోలీసులకీ కన్ను పడిందని చెబుతుంటే గొంతులో ఇంకా కోపం. అందుకని ఆయన వినేది చెవితో కాదు, కాలితో. జిగ్, అంటే మూడేసి స్వరాల గుంపులతో నడిచే డాన్సు ట్యూన్, వాయించినప్పుడు అసలు తీర్పు వచ్చింది. "మూడూ ఒకేలా ఉన్నాయేం?" అన్నారు. మూడు స్వరాల గుంపులో మొదటిది కొంచెం ఆగాలి, మధ్యది చిన్నగా దాటిపోవాలి. నా తకిటలో మూడక్షరాలూ సమానం, చిన్నప్పుడు కొలబద్ద పెట్టి కొట్టినట్టు నేర్పారు. ఆ మాట పదో వారం టీచర్‌కి చెబితే, ఆవిడ ఒక్క క్షణం ఆగి, అదే జిగ్‌ని సగం వేగంతో, కట్లన్నీ తీసేసి వాయించి, "ఇది పట్టుకెళ్లి వినిపించు" అంది. ఆవిడకి ఆ తీరూ వచ్చు! పది వారాలూ ఎందుకు దాచిందో తెలియదు. కొత్తవాళ్లకి ముందు ఇదే నేర్పాలి అని నా అభిప్రాయం, ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా రాశాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. నేర్పే పద్ధతికి నాలుగున్నర. నిర్వహణ ఆ ఒకటీ లాగేసింది. ఎవరు చేరొచ్చు అంటే, ఏదైనా సంగీతం కొంచెం విని ఉన్నవాళ్లు, సిగ్గు తక్కువ ఉన్నవాళ్లు. కాగితం లేకపోతే ఊపిరాడనివాళ్లు వద్దు. పూర్తిగా కొత్త అయితే చేరే ముందు రెండు వారాలు ఇంట్లో ఆరు రంధ్రాలూ మూయడం ఒక్కటి సాధన చేసి వెళ్లండి, పిల్లి అరుపు ఇంట్లోనే వదిలేయొచ్చు. ఇక్కడ పోటీలకీ పరీక్షలకీ తయారు చేయరు. అవి కావాలంటే 1951 నుంచి ఉన్న కోల్టస్ అనే సంప్రదాయ సంగీత సంఘం శాఖలు ఊరూరా ఉన్నాయి, పిల్లలకైతే అదే మేలు. డబ్బూ సెలవూ రెండూ ఉంటే, క్లేర్‌లోని మిల్‌టౌన్ మల్‌బేలో 1973 నుంచి ప్రతి జూలైలో జరిగే విల్లీ క్లాన్సీ వారానికి (వారం రోజుల సంప్రదాయ సంగీత బడి) వెళ్లమని మా టీచర్ అందరికీ చెబుతుంది. నాకు ఈ జూలైలో సెలవు దొరకలేదు.

తర్వాతి టర్ముకి కట్టాను, 16 యూరోలు తగ్గించారు. క్లాసు లేని వారం, నెమ్మది జిగ్‌ని తాతగారికి మళ్లీ వాయించాను. ఆయన దుప్పటి కింద కాలు కదులుతోంది, చెంచాతో ట్రే మీద కూడా పడుతోంది. నేను కంగారులో రెండో భాగం ఒక్కసారే వాయించి మొదటికి వచ్చేశాను. చెంచా గాల్లో ఆగిపోయింది.

"ఎనిమిది ఎక్కడ పోయాయి?" అన్నారు. "కాలు ఎత్తి ఉన్నాను, ఎక్కడ పెట్టమంటావు అమ్మాయ్?"

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. మూడోసారి తిరుగుతుండగా కారిడార్‌లోంచి మా సీనియర్ నర్సు తలుపు తీసి, 14వ గదిలో బెల్లు మోగుతోందని చెప్పి వెళ్లింది.